రిఫండ్ అన్న రాసిన రోగాలు

బోనాల నెలలో లాల్‌దర్వాజా, శాలిబండ సందుల్లో అమ్మవారి ఫ్లెక్సీల పక్కనే ఇంకో ఫ్లెక్సీ వేలాడుతుంది: ‘ఐటీఆర్ ఫైలింగ్. రిఫండ్ గ్యారంటీ.’ రంగంలో భవిష్యం చెప్పే మాతంగి సైతం వానల సంగతి ఆచితూచి చెబుతుంది. జిరాక్స్ సెంటర్‌లో కూర్చున్న మన రిఫండ్ అన్నకు ఆ మొహమాటం లేదు. ఫారం 16 చేతికి రాగానే ఆయన వేసే ప్రశ్న ఒక్కటే: “ఎంత కట్ అయింది?” ఇంట్లో ఎందరున్నారు, ముసలివాళ్లున్నారా, మందుల ఖర్చెంత అని అడగడు. ఆ కుటుంబాన్ని ఎలాగూ తనే తయారు చేయబోతున్నాడు.

“పెద్దోడు ఏం చదువుతుండు?”

“ఐదో తరగతి.”

“ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ రాసేద్దాం. ఇల్లు?”

“సొంతమే.”

“మీ మామకు కిరాయి కడుతున్నట్టు పెడదాం. బండి?”

“పెట్రోల్ బండన్నా.”

“ఫారంలో వాసన రాదు భాయ్. కరెంటు బండి అని రాద్దాం.”

1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 80 అంకె వెనక అక్షరాల తోక పెరుగుతూ పోయింది. 80ఈ చదువు అప్పు, 80ఈఈబీ కరెంటు బండి అప్పు, 80డీడీబీ పెద్ద జబ్బులు, 80డీడీ వైకల్యం ఉన్న కుటుంబ సభ్యుల పోషణ, 80జీజీసీ పార్టీలకు చందా. అన్న వేలు తోక పొడుగునా జారి, ఎక్కడ నిలిస్తే అక్కడ గల్లీలో ఒకరికి క్యాన్సర్ వస్తుంది. వార్డు కార్పొరేటర్‌కు చాయ్ కూడా తాగించని మనిషి, పేరైనా వినని పార్టీకి లక్ష చందా ఇచ్చిన దాతవుతాడు.

రిఫండ్ సర్కారు పంచే పథకమని చాలామందిని నమ్మించారు. జీతంలోంచో డిపాజిట్ వడ్డీలోంచో ముందే కోసిన పన్నులో, మిగులు వెనక్కి రావడమే అది. పైసా కోత పడని లాడ్‌బజార్ గాజుల వ్యాపారి వచ్చి “నాకెంత వస్తది?” అని అడుగుతున్నాడంటే ఫ్లెక్సీ ఎంత బాగా పనిచేసిందో చూడండి.

అసలు కీలకం అన్న ఫీజులో ఉంది. వచ్చిన రిఫండ్‌లో ఇంత శాతం అని ఆయన లెక్క. ఫీజును శాతాల్లో గానీ, ఫలితాన్ని బట్టి గానీ తీసుకోవడాన్ని, కొన్ని మినహాయింపులతో, 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం నిషేధించింది. కారణం ఊహించడం కష్టమేమీ కాదు. చిన్న పన్నుదారులకు సాయపడేందుకు 2006లో కేంద్రం ‘టాక్స్ రిటర్న్ ప్రిపేరర్’ పథకం తెచ్చింది. డిగ్రీ చదివినవాళ్లకు శిక్షణ ఇచ్చి, మనిషి దగ్గర 250 రూపాయలకు మించి తీసుకోవద్దంది. కట్టిన పన్నులో మొదటి ఏడాది 3 శాతం సర్కారే ఇస్తానంది. ఒకరికి కట్టించినందుకు శాతం, ఇంకొకరికి కట్టించకుండా చూసినందుకు శాతం. గల్లీలో ఎవరి ఫ్లెక్సీ నిలిచిందో చెప్పాలా?

శాతం రాని చోట అన్నకు చూపు ఆనదు. మొఘల్‌పురాలో పింఛను డబ్బు డిపాజిట్ వేసుకున్న అవ్వ, తన ఆదాయం పన్ను పరిధిలో లేదని బ్యాంకుకు ముందే ఫారం రాసిస్తే వడ్డీలో కోతే ఉండదు. కోత లేకపోతే రిఫండ్ లేదు, రిఫండ్ లేకపోతే అన్నకు చాయ్ పైసలూ లేవు. కాబట్టి అవ్వకు ఆ ఫారం సంగతి తెలియదు. సెరెబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డను ఎత్తుకుని వైకల్య సర్టిఫికెట్ కోసం ఆస్పత్రి చుట్టూ తిరిగే తండ్రికి, పాత పద్ధతిలో రిటర్న్ వేస్తే 80డీడీ కింద 75 వేలు, తీవ్ర వైకల్యమైతే లక్షా పాతిక వేల మినహాయింపు నిజంగానే ఉంది. దానికి 10ఐఏ ఫారం, డాక్టర్ సంతకం కావాలి. “గంత తిప్పలెందుకు?” అంటాడు అన్న. నిజం బిడ్డకు కాగితాలు కావాలి, కల్పించిన బిడ్డకు అక్కర్లేదు.

2023లో హైదరాబాద్, విజయవాడల్లో ఇలాంటి దొంగ రిఫండ్లు బయటపడ్డప్పుడు లబ్ధిదారుల్లో పోలీసులు, రైల్వే ఉద్యోగులు, సాఫ్ట్‌వేర్ వాళ్లు ఉన్నారు. “నాకేం తెల్వదు సార్, ఆయనే రాసిండు” అనే పాట అందరిదీ. ఖాతాలో డబ్బు పడ్డ మెసేజ్ మాత్రం అందరికీ తెలిసింది!

2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దేశమంతా 150 చోట్ల ఈ దళారుల మీద పడింది. అంతకు ముందు నాలుగు నెలల్లోనే దాదాపు 40 వేల మంది రిటర్నులు సవరించుకుని 1,045 కోట్ల దొంగ క్లెయిములు వెనక్కి తీసుకున్నారని చెప్పింది. దళారులు మూకుమ్మడిగా రిటర్నులు వేసేందుకే మెయిల్ ఐడీలు పుట్టించి, పని కాగానే వదిలేస్తున్నారనీ చెప్పింది. నోటీసు వస్తుంది, చదివే నాథుడుండడు. తప్పుడు లెక్క తేలితే ఎగ్గొట్టిన పన్నుకు రెండింతల జరిమానా. అన్న తీసుకున్న శాతం ఆ లెక్కలో కలవదు.

ఇప్పుడు కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా పన్నే లేదు, పాత మినహాయింపుల్లో చాలావాటికి అక్కడ చోటూ లేదు. అన్న గిరాకీ పోయిందని జాలిపడకండి. తప్పు ఒప్పుకుని అప్‌డేటెడ్ రిటర్న్ వేసుకోవడానికి నాలుగేళ్ల గడువిచ్చారు. ఆలస్యాన్ని బట్టి 25 నుంచి 70 శాతం అదనపు పన్ను. ఫ్లెక్సీ మారింది: ‘పాత రిటర్నులు సరిచేయబడును.’ ఆయన రాసిన క్యాన్సర్‌ను ఆయనే నయం చేస్తాడు. ఈసారి శాతాలు లేవు, ఫీజు మొత్తం అడ్వాన్స్.