‘తిన్నరా’ – టీకా తాత్పర్య సహితము

అవతారిక

మూలంలో లేనిది రాయనని, అక్కరకు రానిది చెప్పనని కోలాచల మల్లినాథసూరి తన వ్యాఖ్యలకు రెండు కట్టుబాట్లు పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాత మొదటిదాన్ని శక్తివంచన లేకుండా పాటిస్తాడు. రెండోదాని సంగతి చదువరులే చూస్తారు. ఇరవై ఎనిమిదేండ్లుగా బడిలో పద్యాలకు ప్రతిపదార్థం చెప్తున్న నోరు ఇది. కిరాణం చీటీ చేతికిచ్చినా “ఇందలి విశేషమేమనగా” అని మొదలుపెడుతుంది.

ప్రస్తుత గ్రంథం మా ఇంటి వాట్సాప్ గ్రూపు. నామధేయం ‘మన ఇంటోళ్ళు’. సభ్యులు పద్నాలుగు మంది. అవతరణ కాలం 2016 శరదృతువు. ఆ ఏడు సెప్టెంబర్ 5న జియో వచ్చి, పైసలు లేకుండా ఇంటర్నెట్ ఇచ్చింది. అక్టోబర్ 11న, సరిగ్గా దసరా నాడు, పది జిల్లాల తెలంగాణ ముప్పై ఒక్క జిల్లాలైంది. పొద్దున వరంగల్ జిల్లాలో నిద్రలేచిన మా కుటుంబం, సాయంత్రం జమ్మి చేతిలో పెట్టుకునేసరికి మూడు జిల్లాల్లో ఉంది. పెద్దబాపు, కాక, నేను జనగామలో. అవ్వ, బాపు, అక్క, బావ మహబూబాబాద్‌లో, అంటే మా నోటికి మానుకోటలో. తమ్ముడు సింగరేణి కొలువు మీద భూపాలపల్లిలో. జనగామ నుంచి మానుకోటకు కాజీపేట మీదుగా రైలుంది. భూపాలపల్లికి రైలు లేదు, హనుమకొండలో బస్సెక్కి పరకాల మీదుగా పోవాలి. 2019లో ములుగు కూడా వేరుపడ్డాక ఆ పాత జిల్లా ఆరు ముక్కలైంది. ఉమ్మడి వరంగల్ జిల్లా చెక్కుచెదరకుండా మిగిలిన చోటు, నాకు తెలిసి, మా గ్రూపు ఒక్కటే.

శాస్త్రగ్రంథానికి ముందుగా నాలుగు చెప్పాలంటారు. విషయం: తిండి. ప్రయోజనం: క్షేమం. సంబంధం: చుట్టరికం. అధికారి: అడ్మిన్, అనగా నేను.

మూలము (ఒకనాటి పాఠం)

1. పెద్దబాపు, పొద్దున 4:47: శుభోదయం (దీపం, గులాబి, బాలకృష్ణుడు)
2. అవ్వ, పగలు 12:40: తిన్నరా
3. బావ, 1:15: ఈ ఆకు పరిగడుపున నమిలితె షుగరు మాయం. పది మందికి పంపుండ్రి
4. కాక, 2:20: ఈ సందేశం తొలగించబడింది
5. కాక వెళ్ళిపోయారు
6. తమ్ముడు, 4:05: (బొటనవేలు)

మొదటి వాక్యం

టీక: శుభ = మేలైనట్టి; ఉదయము = పొద్దుపొడుపు. 4:47కు పొద్దు పొడవలేదు కనుక ఇక్కడ భవిష్యదర్థం గ్రహించాలి.

తాత్పర్యం: నేను లేచాను. మీలో ఎవరు లేవలేదో నాకు తెలుసు.

విశేషం: కావ్యారంభంలో చేసే మంగళం మూడు విధాలు: ఆశీస్సు, నమస్కారం, వస్తునిర్దేశం. పెద్దబాపు బొమ్మలో మూడూ ఉన్నాయి. రాలుతున్న పూలు ఆశీస్సు. బాలకృష్ణుడు నమస్కారం. అడుగున పసుపు అక్షరాల్లో ఉప్పు తగ్గించమని చెప్పే సూక్తి వస్తునిర్దేశం. అదే గులాబి ఈ వారంలో మూడోసారి పూయడం పునరుక్తి దోషమే కానీ, పెద్దల విషయంలో దోషాలు ఎంచరాదు. ఇది మా ఇంటి జబ్బు మాత్రమే కాదు. మన దేశంలో ఫోన్లు ఎందుకు ఊరికే నిండిపోతున్నాయని గూగుల్ వారు ఆరా తీస్తే, కారణం ఈ శుభోదయాలేనని తేలిన సంగతి 2018లో పత్రికలకెక్కింది.

ఆక్షేపం: ఎవరూ తెరిచి చూడని బొమ్మ రోజూ పంపనేల?

సమాధానం: గోడ గడియారం గంటలు కొడితే ఎవరు లెక్కపెడతారు? కొట్టని నాడే ఇల్లంతా తలెత్తి చూస్తుంది. ఒకనాడు ఏడు దాటినా గులాబి రాలేదు. మూడు ఊళ్ళ నుంచి మూడు ఫోన్లు పోయాయి. పెద్దబాపు కులాసాగానే ఉన్నాడు, అయిపోయింది రీచార్జి. అప్పటి నుంచి ఆ బొమ్మను ఎవరూ తిట్టరు, ఎవరూ చూడరు.

రెండో వాక్యం

టీక: ఇది ఏకపద కావ్యం. తిన్నరా = భుజించితిరా.

పాఠాంతరం: కొన్ని దినాల ప్రతుల్లో ‘తిన్నారా’ అనీ, ఒకానొక ప్రతిలో ‘తిన్నగా’ అనీ కనిపిస్తుంది. ఇవి లేఖక ప్రమాదాలు. తాళపత్రాల లేఖకుడు తెలియక తప్పు రాసేవాడు. అవ్వ ఫోనులోని కీబోర్డు అన్నీ తెలిసినట్టు ఒప్పును దిద్దుతుంది. రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన అవ్వ తన మాట తాను నిలబెట్టుకోవడానికి రోజూ దానితో పోరాడవలసి వస్తోంది. జాను తెనుగును నెత్తిన పెట్టుకున్న పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి మా జనగామ జిల్లాలోనే ఉంది. అందుచేత ‘తిన్నరా’యే సాధుపాఠం.

వ్యాకరణం: తిను ధాతువు, భూతకాలం, బహువచనం, కడపటి దీర్ఘం ప్రశ్నార్థకం. పురుష ఏదన్నదే చిక్కు. మన మాటలో ‘మీరు తిన్నరు’, ‘వాళ్ళు తిన్నరు’ రెంటికీ రూపం ఒకటే. కాబట్టి మధ్యమ పురుషగా తీసుకుంటే గ్రూపులో ఉన్నవాళ్ళను, ప్రథమ పురుషగా తీసుకుంటే గ్రూపులో లేని పసిపిల్లలను, వియ్యాలవారిని, గేటు కాడి కుక్కను కూడా అడిగినట్టే. ఉత్తమ పురుషతో ఇక్కడ పని లేదు.

అధ్యాహారం: ఏమి తిన్నరో చెప్పలేదు. కర్మను చదువరులే పూరించాలి. పూరిస్తారు కూడా. “అన్నం, పుంటికూర పప్పు” అని అక్క. “చాయ్ తాగిన” అని, అడిగినదాన్ని విడిచి, బాపు. ఏమీ తినని నా కొడుకు హైదరాబాద్ నుంచి “తిన్న నానమ్మా” అని. చివరిది అబద్ధమని అందరికీ తెలుసు. అతిశయోక్తి అలంకారంగా సరిపెట్టుకోవాలి.

చిహ్నం: వాక్యం చివర ప్రశ్న గుర్తు లేదు. కీబోర్డులో అది ఎక్కడుందో తెలియక అని లౌకికులు అంటారు. అవ్వ దృష్టిలో అది ప్రశ్న కాదని ఈ వ్యాఖ్యాత మతం.

అర్థభేదం: శబ్దానికి వాచ్యం, లక్ష్యం, వ్యంగ్యం అని మూడు అర్థాలు. గంగలో గొల్లపల్లె ఉందంటే నీళ్ళలో కాదు, ఒడ్డున అని తెలుసుకోవడం లక్షణ. అట్లే ‘తిన్నరా’ అంటే వాచ్యం భోజనం, లక్ష్యం బాగోగులు. వ్యంగ్యార్థం ఆరో వాక్యం దగ్గర చెప్పబడును. చదువరులను ఎదురుచూడనీయడం వ్యాఖ్యాతల జన్మహక్కు.

ప్రసంగవశాత్తు: మానుకోట చుట్టుపక్కల తండాల్లో ఇదే ప్రశ్న గోర్ బోలిలో, గొంతుతోనే పోతుంది. ఆ భాషకు సొంత లిపి లేదు. పిల్లలు తెలుగు అక్షరాల్లో రాసుకుంటారు, పెద్దలు మైకు బొమ్మ నొక్కి మాట్లాడతారు. 2013లో వాయిస్ మెసేజ్ పెట్టినవారు ఇంత దూరం ఆలోచించారో లేదో గాని, మేము అక్షరాల్లో స్మృతులు రాసుకుంటుంటే పక్క తండా గ్రూపు మొత్తం శ్రుతి. శ్రుతికీ స్మృతికీ పేచీ వస్తే శ్రుతిదే పైచేయి. చేలో కైకిలు నడుమ “చెప్పవే” అని చెవికి ఆనించుకునే ఆ పెద్దమనుషులను చూస్తే నిజమేననిపిస్తుంది.

మూడో వాక్యం

టీక: అనవసరం.

తాత్పర్యం: బావకు షుగరు ఉంది.

విశేషం: ఈ వాక్యం పైన రెండు బాణాల గుర్తు ఉంది. చేతులు చాలా మారి వచ్చిందని దాని అర్థం. మన శాస్త్రంలో ఇటువంటివాటిని ప్రక్షిప్తాలంటారు. కర్త ఎవరో తెలియదు, కాలం తెలియదు, ప్రామాణ్యం లేదు, ప్రచారం మాత్రం అపారం. ఆకుల ప్రక్షిప్తాలతో పోయేది మహా అయితే మందుబిళ్ళ మానేసిన మనిషి ఆరోగ్యం. అదీ చిన్నదేం కాదు. 2018 ఎండాకాలంలో పిల్లలనెత్తుకపోయేటోళ్ళు తిరుగుతున్నారన్న పుకారు ఇట్లాగే ఇండ్ల గ్రూపుల్లో పాకి, మన రాష్ట్రంలో, దేశంలో దారిన పోయే అమాయకులను జనం కొట్టి చంపారు. ఆ జూలైలోనే మన దేశంలో ఒక సందేశాన్ని ఒక్కసారికి అయిదు చోట్లకు మించి పంపకుండా వాట్సాప్ కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, కరోనా నాడు, రెండు బాణాల సరుకును ఒక్క చోటికే కుదించింది. బావ మాత్రం ఓపిక గలవాడు, పది మందికి పదిసార్లు పంపుతాడు.

నాలుగో వాక్యం

ఇక్కడ గ్రంథపాతము.

విశేషం: పంపిన మాటను అందరి దగ్గరా చెరిపేసే విద్య 2017లో వచ్చింది. మొదట ఏడు నిమిషాల గడువే ఉండేది, ఇప్పుడు రెండు రోజులు దాటింది. కోపం చల్లారడానికి రెండు రోజులు పడుతుందని వారికి ఎవరో చెప్పి ఉంటారు. అయితే చెరిపిన చోట చెరిపానన్న మాట మిగలడమే ఈ విద్యలోని లోపం. ఉన్న సందేశం ఒక్కరు చదివితే, లేని సందేశం పదమూడు మంది చదువుతారు.

పూరణం: పోతన భాగవతంలో శిథిలమైన భాగాలను గంగన, సింగన, నారయ పూరించినట్టు, ఈ ఖాళీని ముగ్గురు అత్తలు పూరించారు. మొదటి అత్త పాఠం: బోరు మోటరు బాగుచేయించిన పైసల్లో వాటా అడిగాడు. రెండో అత్త పాఠం: పెండ్లికార్డు మీద తన పేరు కింద వేశారని. మూడో అత్త పాఠం: ఏమీ లేదు, మనవడు ఫోను నొక్కాడు. మూడోది సత్యానికి దగ్గర. మొదటి రెండే ప్రచారంలో ఉన్నాయి.

అయిదో వాక్యం

టీక: కాక = బాపు తమ్ముడు; వెళ్ళిపోయారు = అలిగారు.

విశేషం: గజేంద్రుడి మొర విని, పక్కనున్న లక్ష్మికైనా చెప్పకుండా విష్ణువు బయలుదేరిన తీరు తెలుగువారందరికీ తెలుసు. దాన్ని చెప్పిన పోతనది మా జిల్లా బమ్మెర. ఒంటిమిట్టవారు మన్నించాలి. ఆ గుణం నీళ్ళలో ఉందేమో, కాక ఎవరికీ చెప్పకుండా పోయాడు. పూర్వం ఒకరు గ్రూపు విడిస్తే అందరికీ దండోరా పడేది. 2022 ఆగస్టు నుంచి ఆ కబురు అడ్మిన్లకే చేరుతోంది. అలిగినవాడికి ఇంతకన్నా అన్యాయం లేదు. పెండ్లిలో పందిరి గుంజ పట్టుకొని అలిగితే నలుగురు వచ్చి బతిమిలాడతారు. ఎవరికీ కనబడని అలక ఎన్నాళ్ళు మోయగలడు?

శేషం: రాత్రి నేను ఫోన్ చేస్తే “నేనా? పోలేదురా, పోరగాడు ఒత్తిండు” అన్నాడు. మళ్ళీ చేర్చాను.

ఆరో వాక్యం

టీక: బొటనవేలు = అంగుష్ఠము. ప్రతిపదార్థం లేదు, పదమే లేదు కనుక.

ఇప్పుడు వాయిదా వేసిన వ్యంగ్యార్థం.

పంపిన మాట పక్కన ఒక టిక్కు పడితే బయలుదేరిందని, రెండు పడితే చేరిందని, రెండూ నీలమైతే చదివారని గుర్తు. ఈ నీలం 2014 నవంబర్‌లో వచ్చినప్పుడు, చదివీ జవాబివ్వలేదన్న సంగతి బయటపడుతుందని లోకమంతా గోలపెట్టింది. దాన్ని ఆర్పుకునే మీట ఇచ్చారు గాని, అది గ్రూపుల్లో చెల్లదు. గ్రూపులో మరో నియమం ఉంది. అందరూ చదివితేనే నీలం. ఒక్కరు మిగిలినా బూడిద రంగే.

తమ్ముడిది కేటీకే గని. కేటీకే అనగా కాకతీయ ఖని. బొగ్గుబాయిలో మీథేన్ వాయువు ఊరుతుంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు. అందుకని అగ్గిపెట్టెను, సెల్లును కిందికి పోనీయరు. ఫస్ట్ షిఫ్టుకు దిగినవాడి ఫోను పైనే ఉంటుంది, మనిషి భూమి లోపల ఉంటాడు. టిఫిన్ డబ్బా వాడి వెంటే ఉంటుంది. అది అవ్వకు తెలుసు. వాడు తిన్నాడా లేదా అన్న అనుమానం ఆమెకు ఎన్నడూ లేదు.

పన్నెండు నలభైకి అవ్వ ఒక మాట విసురుతుంది. ఒంటిగంటలోపు పన్నెండు మంది చదివేస్తారు. ఆ రెండు టిక్కులు బూడిద రంగులోనే నిలబడి ఉంటాయి, పదమూడో మనిషి కోసం. వాడు పైకి వచ్చి, చేతులు కడుక్కొని, ఫోను తీసి చూసిన క్షణాన నీలమవుతాయి.

తాత్పర్యం: పైకొచ్చినవా బిడ్డా. – వచ్చిన అవ్వా.

బొటనవేలు దాని మీద పెట్టిన ముద్ర మాత్రమే. లోకం నిఘా అని తిట్టుకున్న రంగు మానుకోటలో ఒక ఇంటికి షిఫ్టు సైరన్ అయింది.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను పరిగడుపున చదివినవారికి షుగరు తగ్గదు. పది మందికి పంపనవసరం లేదు.

తప్పొప్పుల పట్టిక

తప్పు: రెండో వాక్యం వ్యాకరణంలో ‘ఉత్తమ పురుషతో ఇక్కడ పని లేదు’.

ఒప్పు: ఉంది.

ఇది రాయడం అయిపోయాక అక్కకు చదివి వినిపిస్తే, ఒక మాట చెప్పింది. టిక్కులు నీలమయ్యేదాకా అవ్వ కంచం ముందేసుకోదట. సెకండ్ షిఫ్టు అయితే పగలు తిని, రాత్రిది ఆపుతుందట. వెంటనే గ్రూపును వెనక్కి, వెనక్కి, మొదటి దసరా దాకా వెతికాను. ‘తిన్న’ అన్న ఉత్తమ పురుష ఏకవచన రూపం పదమూడు పేర్ల కింద లెక్కలేనన్నిసార్లు ఉంది. అవ్వ పేరు కింద ఒక్కచోట కూడా లేదు. ఉండాలంటే ఎవరో ఒకరు అడిగి ఉండాలి.

నిన్న 12:39కి, ఆమె కన్నా ఒక నిమిషం ముందుగా, గ్రూపులోనే పెట్టాను: “అవ్వా, తిన్నవా?”

12:40కి జవాబు వచ్చింది.

తిన్నరా