మూర ఎవరిది?

పూలబుట్ట దగ్గర మూరంటే అమ్మే ఆవిడ ముంజేయి. ఆవిడది పొట్టి చెయ్యయితే కొనేవాళ్లు సణుగుతారు, నాలుగు మొగ్గలు కొసరు పడగానే ఊరుకుంటారు. విమానాల తయారీలోనూ ఎవరి మూర వారిదే. బోయింగ్‌ది అంగుళం, ఎయిర్‌బస్‌ది మిల్లీమీటరు. అక్కడ కొసరు మాత్రం ఉండదు.

అంగుళం వైభవం చూడాలంటే రేకుల్ని బిగించే ఒక్క రివెట్ చాలు. అమెరికన్ రివెట్ నంబరులో చివర 4-8 అని ఉందనుకోండి. మొదటి అంకె లావు, అంగుళంలో 32వ వంతుల లెక్క. రెండోది పొడవు, 16వ వంతుల లెక్క. అంటే లావు అంగుళంలో ఎనిమిదో వంతు, పొడవు అరంగుళం. వేలెడంత లేని రివెట్‌కు లావుకొక కొలత, పొడవుకొక కొలత! ఇలాంటివి లక్షల్లో బిగిస్తేగానీ ఒక పెద్ద విమానం కాదు.

ఈ అంగుళం స్టాలిన్ మనుషులనే ఇరకాటంలో పెట్టింది. 1944లో మూడు అమెరికన్ బీ-29 బాంబర్లు సోవియట్ గడ్డ మీద దిగాయి. వచ్చిన చుట్టాలను సాగనంపే ఉద్దేశం స్టాలిన్‌కు లేదు. అచ్చం అలాంటిదే చేసిపెట్టమని విమానాల రూపకర్త టుపొలెవ్‌ను ఆదేశించాడు. ఒక విమానాన్ని విప్పి ముక్కముక్కా కొలిచారు. చూస్తే అమెరికన్ల రేకు మందం 1/16 అంగుళం, అంటే 1.5875 మిల్లీమీటర్లు. సోవియట్ మిల్లుల్లో అలాంటి రేకే లేదు. పలచటిది వేస్తే బలం చాలదు, దళసరిది వేస్తే బరువు పెరుగుతుంది. పైనుంచి వచ్చిన హుకుమేమో మక్కీకి మక్కీ దించమని! పాపం, కాపీ కొట్టడానికి కూర్చున్న ఇంజనీర్లు బలం లెక్కలన్నీ మళ్లీ సొంతంగా కట్టి, ఒకచోట దళసరి, ఇంకోచోట పలచన వాడి గట్టెక్కారు. అలా 1947లో టీయూ-4 ఎగిరింది. కాపీ కొట్టడానికి అసలు పరీక్షకు మించి చదవాల్సి వచ్చింది.

కొలత మారినా అలవాటు మారకపోతే ఏమవుతుందో 1983 జులై 23న కెనడాలో తేలింది. ఇంధనాన్ని కిలోల్లో లెక్కపెట్టే కొత్త బోయింగ్ 767 అప్పుడే ఎయిర్ కెనడా ఇంటికొచ్చింది. ఆ రోజు ఇంధనం చూపే మీటర్లు పనిచెయ్యలేదు. కొలత పుల్లతో చూస్తే ట్యాంకుల్లో 7,682 లీటర్లు ఉంది. ప్రయాణానికి కావలసింది 22,300 కిలోలు. లీటరు ఇంధనం 0.8 కిలో తూగుతుంది. సిబ్బంది లెక్కలో వేసుకున్నది 1.77. అది పౌన్లలో బరువు! నోటికి అలవాటైన అంకె కాబట్టి, 1.77 ఏమిటని ఎవరూ అడగలేదు. 20 వేల లీటర్లు పోయాల్సిన చోట 5 వేలైనా పోయలేదు.

41,000 అడుగుల ఎత్తులో అలారం మోగింది. కాసేపటికి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్‌కు గ్లైడర్ నడిపిన అనుభవం ఉండబట్టి సరిపోయింది. గాల్లో తేలుతూ వచ్చి, గిమ్లీలోని పాత వైమానిక స్థావరంలో దింపాడు. అక్కడ ఆ రోజు కార్ల రేసులు జరుగుతున్నాయి. విమానంలో ఉన్న 69 మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

ఇంతకీ ఇన్ని పంతాలు పోయే అంగుళానికి సొంత ఇల్లు లేదు. 1959 నుంచి అంగుళమంటే సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు, వెంట్రుకవాసి తేడా లేకుండా. అది ఉండేది మీటరు ఇంట్లోనే, అద్దెకు. 1975లో అమెరికా మెట్రిక్ చట్టం కూడా చేసుకుంది, ఇష్టమైనవాళ్లే పాటించేట్టు. ఆ ఇష్టమే ఇంకా పుట్టలేదు.

మనం మరీ నవ్వుకోనక్కర్లేదు. 1956లోనే చట్టం చేసి మెట్రిక్‌లోకి వచ్చిన దేశం మనది. హైదరాబాద్ శివార్లలోని ఆదిబట్లలో టాటా, బోయింగ్ కలిసి నడిపే ఫ్యాక్టరీలో అపాచీ హెలికాప్టర్ల మొండేలు (ఫ్యూజిలాజ్‌లు), 737 విమానాల తోక మీది నిలువు రెక్కలు తయారవుతున్నాయి. ఆ గేటు దాటి బయటికొచ్చి, పక్కన ప్లాటు ఎంతని అడగండి. ధర గజాల్లోనే చెబుతారు.