ఒడ్డున ఆగిన దూత

క్రీ.శ. 97లో గాన్ యింగ్ అనే చైనా అధికారి పడమటికి బయలుదేరాడు. పంపినవాడు బాన్ ఛావ్. హాన్ చక్రవర్తి తరఫున మధ్య ఆసియా ఎడారి రాజ్యాలన్నిటినీ అదుపులో పెట్టిన సేనాని. గాన్ యింగ్ చేరవలసింది దాచిన్. రోమ్ సామ్రాజ్యాన్ని చైనావాళ్లు అలా పిలిచేవారు. ఆ దేశం గురించి విన్నవాళ్లే కానీ చూసి వచ్చినవాడు వాళ్లలో లేడు.

గాన్ యింగ్ కొండలు దాటి, పార్థియా రాజ్యాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటి, ఒక సముద్రపు ఒడ్డుకు చేరాడు. అది పర్షియన్ గల్ఫ్ చివర, నేటి ఇరాక్ దక్షిణాన ఉందని చాలామంది చరిత్రకారులు అంటారు. అంతకుముందు ఏ చైనా దూతా అంత దూరం రాలేదు. ఇక ఓడ ఎక్కడమే తరువాయి.

అప్పుడు పార్థియా నావికులు అతన్ని ఆపారు. గాలి అనుకూలిస్తే మూడు నెలల్లో దాటొచ్చట. అనుకూలించకపోతే రెండేళ్లు పడుతుందట. అందుకే ఓడ ఎక్కేవాళ్లు మూడేళ్లకు సరిపడా తిండిగింజలు వెంట తీసుకెళతారట. ఇవన్నీ చెప్పి, చివరగా మరో మాట అన్నారు: ఆ నడిసముద్రంలో మనిషికి సొంత ఊరి మీద బెంగ పుడుతుంది, ఆ బెంగతోనే చాలామంది పోయారు.

గాన్ యింగ్ వెనక్కి తిరిగాడు.

అతన్ని పిరికివాడని నేను అనలేను. అంత దూరం వచ్చినవాడు తిండికో తుఫానుకో భయపడి ఉండడు. తగిలింది ఆ ఆఖరి మాటే. పరాయి నేల మీద ఏళ్లు గడిపినవాళ్లకు అది ఎక్కడ గుచ్చుకుంటుందో ఆ నావికులకు బాగా తెలుసు. బాన్ ఛావ్ అంతటివాడు కూడా ముప్పై ఏళ్లు అక్కడే ఉండిపోయి, బతికుండగా స్వదేశపు సరిహద్దు ద్వారం చూస్తే చాలని చక్రవర్తికి మొరపెట్టుకున్నాడు. 102లో రాజధాని లొయాంగ్ చేరి, ఆ ఏడే కన్నుమూశాడు.

నావికులు ఎందుకంత భయపెట్టారు? జవాబు చైనావాళ్ల చరిత్ర గ్రంథం 'హౌ హాన్ షు'లోనే ఉంది. దాచిన్ రాజు చైనాకు దూతలను పంపాలని ఎప్పటినుంచో కోరుకుంటున్నాడట. చైనా పట్టును తామే అమ్ముకోవాలని పార్థియావాళ్లు అడ్డుపడుతూ వచ్చారట. ఆ బేరం చిన్నదేమీ కాదు. ఇండియా, చైనా, అరేబియా కలిసి ఏటా తమ సొమ్ము 10 కోట్ల సెస్టర్స్ నాణేలు లాగేసుకుంటున్నాయని రోమ్‌లో ప్లినీ అనే రచయిత అప్పటికే వాపోయాడు. ఇక సముద్రం సంగతి. ఆ రోజుల్లోనే రోమన్ల సరుకు ఓడలు ఈజిప్టు రేవుల నుంచి రుతుపవనాల మీద మన దేశానికి వచ్చిపోతున్నాయి. తెలుగు నేలలో బయటపడ్డ రోమన్ నాణేలు ఆ వర్తకపు ఆనవాళ్లే.

166లో దాచిన్ రాజు పేరు చెప్పుకుని కొందరు వియత్నాం మీదుగా చైనా చేరారు. తెచ్చిన కానుకలు ఏనుగు దంతం, ఖడ్గమృగం కొమ్ము, తాబేలు చిప్ప. అంత గొప్ప దేశం పంపేవి ఇవేనా అని చైనావాళ్లకే అనుమానం వచ్చింది. గాన్ యింగ్ వెళ్లి వచ్చి ఉంటే ఆ అనుమానం తీర్చగలిగేవాడు.

అసలు అతను ఓడ ఎక్కవలసిన పనే లేదు. అతని కథ ఉన్న అధ్యాయంలోనే, కొద్ది పుటల తేడాలో, పార్థియా నుంచి సముద్రాన్ని ఉత్తరంగా చుట్టి దాచిన్ చేరే నేలబాట గురించి రాసి ఉంది. దారి పొడుగునా జనం, మజిలీలు. దొంగల భయం లేదు. ఉన్న ప్రమాదమల్లా పులులూ సింహాలూ. వందమందికి పైగా ఆయుధాలతో కలిసి నడిస్తే సరిపోతుందట.

గాన్ యింగ్‌ను పంపిన బాన్ ఛావ్ పేరు చైనాలో నేటికీ ఒక సామెతతో ముడిపడి ఉంది. పులి పిల్లలు కావాలంటే పులి గుహలోకి వెళ్లాల్సిందేనని తన మనుషులకు చెప్పినవాడు ఆయనే.