సైబీరియా చుట్టం

మా ఇల్లు చాంద్రాయణగుట్టలో, డాబా ఎక్కితే కేశవగిరి గుడి కనిపించే సందులో. ఇంటి వెనక రెండు గదులంత జాగా ఉంది. ఒక జామ, ఒక దానిమ్మ, తనంతట తాను మొలిచిన బాదం మొక్క, గోడ పొడుగునా గుబురుగా గోరింట. దాన్ని నేను తోట అంటాను, మా ఆవిడ పెరడు అంటుంది.

రిటైరైన ఏడాది అక్టోబరులో మా అబ్బాయి నా ఫోన్‌లో పిట్టల కూత విని పేరు చెప్పే యాప్ వేసిపెట్టాడు. టీవీ ముందు నుంచి నన్ను లేపడానికి వాడికి దొరికిన ఉపాయం అది. మర్నాడు పొద్దున్నే జామచెట్టు కింద కుర్చీ వేసుకుని ఫోన్ పైకెత్తి పట్టుకున్నాను. ఫ్లైఓవర్ మీద లారీల రొద, పక్కింటి మేకల అరుపులు. వాటి సందున ఎక్కణ్ణుంచో ‘చెక్... చెక్’ మని ఒక చప్పుడు. ఫోన్ మీద పేరు పడింది: బ్లైత్స్ రీడ్ వార్బ్లర్.

తలెత్తి చూశాను. దానిమ్మ కొమ్మ మీద బొటనవేలంత పిట్ట. ఆకుపచ్చ వీపు, నెత్తిన ఇటుకపొడి అద్దినట్టు ఎరుపు, నిక్కబొడుచుకున్న తోక. ఫోన్‌లో పేరుంది, కొమ్మ మీద పిట్ట ఉంది. రెంటికీ ముడి వేసేశాను.

ఆ రాత్రి దాని గురించి చదువుతుంటే ఒళ్లు పులకరించింది. బరువు పది పన్నెండు గ్రాములు, అంటే రెండు ఐదు రూపాయల బిళ్లలంత. ఎండాకాలంలో ఫిన్లాండ్ నుంచి సైబీరియా దాకా గుడ్లు పెట్టుకుని, చలి మొదలవగానే మన దేశానికి వచ్చేస్తుంది. కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకునే ఎడ్వర్డ్ బ్లైత్ 1849లో దానికి శాస్త్రనామం పెట్టాడు. ఇవన్నీ ఒకసారి చదివితే కంఠతా వచ్చేశాయి. రాని ముక్క ఒక్కటే. ఒళ్లంతా మట్టిరంగు అనీ, పొదల్లోంచి బయటికి రాదనీ, వినిపించినంతగా కనిపించదనీ కూడా అక్కడే రాసుంది. చదివాను. మట్టిరంగంటే నెత్తిమీది ఎరుపే అయివుంటుందనుకున్నాను. ఆకుపచ్చ మా చెట్ల నీడ. పొదల్లో దాక్కోవడం రష్యాలో అలవాటు కాబోలు, మా ఇంట్లో భయం లేక బయటే తిరుగుతోంది!

ఇక నా నోటికి మూత లేదు. పక్కింటి చాచాని గోడ దగ్గరికి పిలిచి చూపించాను. ఆయన గడ్డం నిమురుకుని, “రూస్ సే ఆయా? వీసా హై క్యా సాబ్?” అన్నాడు. మా తమ్ముడి కూతురి పెళ్లిలో భోజనాల బంతిలో అరగంట ఉపన్యాసం ఇచ్చాను. 1931లో సలీం అలీ నిజాం రాజ్యంలో ఊరూరా తిరిగి పక్షుల లెక్క తీశాడని, మన ‘పిట్ట’ అన్న మాటే ఒక పక్షిజాతికి శాస్త్రనామమై కూర్చుందని. రెండూ నిజాలే. ఆ రెండు నిజాల పక్కన నా అబద్ధాన్ని కూడా విస్తరేసి కూర్చోబెట్టాను. వియ్యంకుడు పెరుగన్నం కలుపుకుంటూ, “సైబీరియా నుంచి సక్కగ మీ ఇంటికేనా బావగారూ?” అన్నాడు. మెచ్చుకున్నాడనుకున్నాను.

నవంబరులో అసలు పని చేశాను. చుట్టం దానిమ్మ మీద వాలితే ఫొటోకి గోరింట అడ్డొస్తోంది. పెద్ద కత్తెర కొనుక్కొచ్చి ఆదివారం పొద్దంతా నేనే కత్తిరించాను. మోకాలెత్తు మోళ్లు మిగిలాయి. చేతులు బొబ్బలెక్కాయి. గోరింటాకు కోసం వచ్చే సందులో ఆడపిల్లలు మోళ్లను చూసి నోటిమీద వేలేసుకున్నారు. ఫొటోలు మాత్రం బాగా వచ్చాయి. ఆ రోజు నుంచి ఫోన్ మీద బ్లైత్ పేరు మళ్లీ పడలేదు. చలికి గొంతు పట్టేసిందనుకున్నాను.

ఏప్రిల్‌లో ఒక పొద్దున మా ఆవిడ పెరట్లోంచి పిలిచింది. “ఇగో, ఓసారి ఇటు రాండ్రి.”

బాదం మొక్కకి ఒక ఆకు పొట్లంలా ముడుచుకుని ఉంది. దగ్గరికెళ్లి చూస్తే రెండంచులూ కలిపి కుట్టేశారు. అంచు వెంబడి సూదితో పొడిచినట్టు చిన్న చిన్న బెజ్జాలు. ఒక్కో బెజ్జంలోంచి దూది పోగు బయటికొచ్చి, ముడేసినట్టు ఉబ్బి ఆగింది. లోపల మూడు ఎర్రటి నోళ్లు. నా సైబీరియా చుట్టం పురుగు నోట కరుచుకుని నా మీద గయ్యిమంటోంది.

“దర్జీ పిట్ట” అంది మా ఆవిడ. “మా ఊర్ల వంకాయ చెట్టుకు గిట్లనే కుట్టేది. గీ దూది యాడిదో ఎరుకేనా? నా వత్తుల డబ్బాలది. నెల సంది ఎవలు తీస్తున్నరా అని మిమ్మల్నే అనుమానపడ్డ.”

చలికాలపు చుట్టాలు ఇక్కడ గూడు కట్టవు. ఏప్రిల్ వచ్చేసరికి తిరుగుదారి పడతాయి. అదీ నేను చదివిందే.

ఆ మధ్యాహ్నం ఫోన్‌లో అక్టోబరు రికార్డింగు తీసి మళ్లీ విన్నాను. ‘ట్యువిట్ ట్యువిట్’ అని పైన ఒక గొంతు, అది దర్జీది. దాని కింద ఆగి ఆగి ‘చెక్’. కుర్చీ జామకింద వేసుకున్నాను కదా. దానిమ్మ నా ఎదురుగా ఉంది. ‘చెక్’ వచ్చింది నా వీపు వెనక నుంచి, గోరింటలోంచి.

ఫోన్ ఒక పిట్టని విన్నది, నేను ఇంకోదాన్ని చూశాను. వేల మైళ్లు ఎగిరొచ్చి నా గోడవార పొదలో బస చేసిన ఆ మట్టిరంగు పిట్టని ఒక్కసారీ చూడలేదు. దాని పేరు చెప్పి ఊరంతా గొప్పలు పోయి, దాని బసని నా చేతులతోనే మోళ్లు చేశాను.

చాచాకి ఇంకా చెప్పలేదు. “మెహమాన్ కైసా హై?” అని ఎప్పుడైనా అడిగితే, బచ్చే పుట్టారని చెప్పి లోపలికొచ్చేస్తున్నాను.

ఈ సెప్టెంబరుకి గోరింట నడుమెత్తు పెరిగింది. కత్తెర ఎక్కడ పెట్టిందో మా ఆవిడ చెప్పడం లేదు.