కుక్క పడకైన గోనెసంచి ఆత్మకథ

హుగ్లీ నది ఒడ్డున ఒక జనపనార మిల్లులో పుట్టి, శనగలు నింపుకొని జహీరాబాద్ మార్కెట్ దాకా వెళ్లివచ్చి, అడుగు చిరిగాక సంగారెడ్డి జిల్లా న్యాల్‌కల్‌లో ఒక రైతు ఇంటి వసారాలో కుక్కకు పడకగా మారిన గోనెసంచి తన కథ తానే చెప్పుకొంటున్నది. గింజలు మోసిన కాలం గురించి చెప్పదగినది తక్కువ. ఆ కుక్క రాత్రింబవళ్లు ఎందుకు గోక్కుంటున్నదో మాత్రం ఇంటివారి కంటె ముందు ఈ సంచికే తెలిసింది. దురద పెట్టే జీవుల్లో ఎక్కువ భాగం కుక్క ఒంటి మీద కాక, ఈ సంచి పోగుల మధ్యనే కాపురముండేవి.

వాటిలో మొదటిది ఫ్లీ, అంటే రెక్కలు లేకుండా దూకుతూ రక్తం తాగి బతికే గోధుమరంగు కీటకం. ఆడ ఫ్లీ రోజుకు 40 దాకా గుడ్లు పెట్టగలదు. అవి వెంట్రుకలకు అంటుకోవు కనుక కుక్క ఒళ్లు విదిలించినప్పుడల్లా సంచి మీద రాలేవి. గుడ్ల నుంచి వచ్చిన లార్వాలు, అంటే కాళ్లు లేని సన్నటి పిల్లపురుగులు, వెలుతురుకు జడిసి కుట్ల లోపలికి దూరి, పెద్ద ఫ్లీల ఎండిన మలం తిని పెరిగి, గూడు అల్లుకొని ప్యూపా దశలో వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ఊరక ఉండి, కుక్క పడుకున్న బరువూ వెచ్చదనమూ తగలగానే బయటికి వచ్చేవి. ఒకనాడు ఇంటి కోడలు పేల దువ్వెనతో కుక్క తోక మొదట్లో దువ్వి, రాలిన నల్లని నలుసులను తడి తెల్లగుడ్డ మీద పరచగా, ఒక్కొక్క నలుసు చుట్టూ తుప్పు రంగు ఎరుపు ఊరింది. అది మట్టి కాదు, జీర్ణమైన రక్తం. ఫ్లీలున్నాయని తేల్చుకొనడానికి ఇంత సులువైన పరీక్ష మరొకటి లేదు.

గోమార్లు, అంటే పిడుదులు, కడుపునిండా రక్తం తాగి రాలిపడి, గోడ నెర్రెల్లో వేలకొద్దీ గుడ్లు పెడతాయి, పైగా ఎర్లిషియోసిస్ అనే రక్తజ్వరాన్ని అంటించగలవు. చెవి అంచులూ మోచేతులూ బోడిబారి పొక్కులు కడితే అది గజ్జి కావచ్చు. కంటికి కానరాని సూక్ష్మజీవి చర్మంలో సొరంగాలు తొలవడం వలన వచ్చే ఈ జబ్బు మనుషులకూ సోకుతుంది. ఇవేవీ లేకుండానే పాదాలు నాకుతూ, చెవులు గోక్కుంటూ, జిడ్డు వాసన వేసే కుక్కలో తిండికో దుమ్ముకో పడకపోవడం, దాని మీద బూజు జాతి సూక్ష్మజీవి పెరగడం కారణమై ఉండవచ్చు.

ఇంటి పెద్దాయన మొదట కిరోసిన్ పూశాడు, పిదప కాలిన ఇంజిను నూనె పూశాడు. రెండూ చర్మాన్ని కాల్చేవే, కుక్క నాకితే లోపలా విషమే. చేనుకు కొట్టే పురుగుమందు ఒంటి మీద పోయడం అంతకంటె ప్రమాదం, వెల్లుల్లి తినిపించడం కుక్క రక్తాన్ని చెరుపుతుంది. ఇంట్లో నిజంగా చేయదగినది చల్లని నీటి స్నానం, కుక్కల షాంపూను 10 నిమిషాలు ఉంచి బాగా కడగడం, పూటపూటా దువ్వడం, గోళ్లు కత్తిరించడం. వేపాకు కషాయం దురదను కొంత చల్లారుస్తుంది, కాని గజ్జిని పోగొట్టదు. అందుకు పశువైద్యుడు చర్మం గీకి సూక్ష్మదర్శినిలో చూసి, బరువు తూచి మందు ఇవ్వాలి. మండలంలో తేలని జబ్బుకు రాష్ట్ర సరిహద్దు దాటితే బీదర్‌లో పశువైద్య కళాశాల ఉన్నది.

ఈ కుక్కకు అలాగే వైద్యం జరిగింది, ఇంట్లోని రెండో కుక్కకూ అదే రోజున మందు పడింది. గూట్లోని ఫ్లీ ప్యూపాను మామూలు మందులు చంపలేవు కనుక గోకుడు తగ్గాక కూడా కనీసం 3 నెలలు మందు ఆపరాదు, పడకను వారం వారం మరిగే నీళ్లలో ఉతికి ఎండలో ఆరవేయాలి. దట్టమైన ఈ గోనె అంత తేలికగా ఉతకడానికి లొంగదని గ్రహించిన కోడలు దానిని తగలబెట్టడానికి పెరట్లో వేరుగా పెట్టి, కుక్కకు పాత నూలు చీర మడిచి వేసింది. ఆ నిర్ణయం సరైనదేనని గోనెసంచి అభిప్రాయం.