రుచి మారలేదు (టీకా తాత్పర్య సహితము)

మూలము: యాజమాన్యము మారినది. రుచి మారలేదు. దయచేసి సహకరించగలరు.

అవతారిక: మొయినాబాదు దాటి చేవెళ్లకు పోవు మర్రిచెట్ల బాటలో, ఒకానొక ఖరీదైన ఇటాలియన్ భోజనశాల గల్లాపెట్టె వెనుక ఈ సూత్రత్రయము అంటింపబడియున్నది. వీసా కోరి చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి, పరదేశపు తిండిని ముందుగా అలవాటు చేసికొనవచ్చువారు దీనిని చదువకయే కూర్చుందురు. వారి నిమిత్తమీ వ్యాఖ్య.

టీక: యాజమాన్యము = గల్లాపై హక్కు; మారినది = చేతులు మారినది. ఈ సీమలో చేతులు మారుట యనగానే భూమి స్ఫురించును. 1996 నాటి 111 జీవో జంట జలాశయముల చుట్టునున్న 84 గ్రామములలో కట్టడములను కట్టడి చేసెనే గాని ఎకరముల బేరముల నాపలేదు. ఇచట మాత్రము పొయ్యి యనియే అర్థము. మారలేదు = ఇంకను మారలేదు, అని కొందరు. సహకరించగలరు = రుచి మారనిచో సహకారమేల? ధ్వని ఇచటనే యున్నది.

పూర్వపక్షము: “చెఫ్ గాయనే సార్, ఓనరే మారిండు” అని వడ్డించు పిల్లవాడు.

సమాధానము: చెఫ్ ఆయనయే కావచ్చును, సరుకుల చిట్టాపై సంతకము ఆయనది కాదు. పెస్టోను చూడుడు. బేసిల్ ఆకు, వెల్లుల్లి, చీజ్, ఆలివ్ నూనె, చిల్గోజా గింజలు కలిపి నూరవలెను. చిల్గోజాలు మిక్కిలి ప్రియము గనుక కొత్త యజమాని కన్ను మొదట వానిపైననే పడును. బదులుగా జీడిపప్పు వచ్చినచో మధ్యమము. పల్లీలు వచ్చినచో అధమము. అయినను మన నాలుకకు అదియే మిన్నగా తోచుట వ్యాఖ్యాతకు చిక్కు. రిసొట్టో కలుపుచు కలుపుచు ఇంచుమించు 18 నిమిషములు ఉడుకవలెను. అయిదు నిమిషములలో వచ్చినచో బియ్యము ఉదయమే సగము ఉడికినదని ఎరుగునది. పాత యజమాని కాలముననూ ఇంతియే, కావున కొత్తవానిపై నింద మోపరాదు.

ప్రమాణము: మూలమున లేనిది వ్రాయరాదని మల్లినాథసూరి నియమము. బిల్లు మూలములోనిదే గాన దోషము లేదు. జీఎస్టీ సంఖ్యలో 15 అక్షరములు; మొదటి 36 తెలంగాణము, పిదప పది యజమాని పాన్. దుకాణము అమ్ముడుపోయినచో ఈ పదియు మారును. కంపెనీ వాటాలే చేతులు మారినచో మారవు. మా బిల్లులో మారినవి. వాని క్రిందనే సర్వీస్ ఛార్జి పది శాతము, పూర్వము లేనిది, వెలసియున్నది.

సహకారమన నిదియే! అడుగకయే దీనిని కలుపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే శాసించెను.

తాత్పర్యము: తీసివేయుమంటిని. మారుమాటాడక తీసివేసిరి. మిగిలిన సొమ్ముతో పల్లీల పెస్టో ఇంటికి కట్టించుకొంటిని.