నావ పలకలో కాపురమున్న పురుగుకి బహిరంగ లేఖ

అయ్యా పురుగు గారూ,

గౌరవం ఇంతవరకే. ఇక్కణ్ణించి నువ్వే.

తాళ్లరేవు దగ్గర కాలవ ఒడ్డున తాటిమొద్దుల మీదకి ఎక్కించి నేను బాగుచేసుకుంటున్న పాత నావ గురించి ఈ ఉత్తరం. మేకులు తుప్పు పట్టాయి, సందుల్లో దూది కుళ్లింది, ఎండకి పలకలు విచ్చుకున్నాయి. వాటి మీద నాకేం కోపం లేదు. కంటికి కనిపించే రోగాలవి. మేకు పీకి మేకు కొట్టుకుంటాం. పాత దూది లాగేసి కొత్తది కూరి, నూనెలో గుగ్గిలం కాచి పూసుకుంటాం. సెలవు రోజుల్లో తీరిగ్గా చేసుకునే పనే. తంటా అంతా నీతోనే.

నువ్వు దూరే కంత గుండుసూది తలకాయంత కూడా ఉండదు. పసిగుడ్డుగా నీళ్లలో ఈదుకుంటూ వచ్చి, కర్ర పట్టుకుని, లోపలికి జొరబడి అక్కడే పెరుగుతావు. మళ్లీ బయటికి రావు. తోక కొసన ఉన్న రెండు గొట్టాలు మాత్రం కంతలోంచి చాపుతావు. అలికిడైతే వాటిని లాక్కుని, రెండు చిన్న బిళ్లలతో తలుపు బిడాయిస్తావు. అందుకే నాలుగో పలక పైకి నున్నగా, నిక్షేపంగా కనిపించింది. వడ్రంగి మావయ్య సుత్తితో తట్టుకుంటూ వస్తే అక్కడ మోత మారింది. ఉలి ఆనించాడంతే, పిడి దాకా దిగింది. కోసి చూస్తే లోపల కర్ర కన్నా సొరంగాలే ఎక్కువ. ఒకటి ఇంకోదాన్ని తాకకుండా పక్కపక్కనే సాగాయి. గోడలకి తెల్లగా సున్నం కూడాను! మా ఇంటికి ఈ ఏడు వెల్ల వేయించనేలేదు.

నిన్ను పురుగంటున్నాం గానీ నువ్వు ఆలుచిప్పల వంశం. మీ వాళ్లంతా రెండు చిప్పల మధ్య ఒళ్లు దాచుకుంటే, నువ్వు ఆ చిప్పల్ని బరమా చేసుకున్నావు. తిన్న కర్ర అరగడానికి మొప్పల్లో బాక్టీరియాని పెంచుకుంటున్నావు. మీ ఘనకార్యాలూ విన్నాను. 1503లో కొలంబస్ ఓడల్ని జల్లెడ చేసి, జమైకా ఒడ్డున ఏడాది పాటు కూర్చోబెట్టారు. 1731లో హాలండు సముద్రపు గట్ల దుంగలు తినేస్తే, వాళ్లు రాతి కట్టడాలకి మారాల్సొచ్చింది. మీరు తవ్వే తీరు చూసే బ్రూనెల్ అనే ఇంజినీరు సొరంగం తవ్వే పద్ధతి కనిపెట్టి, 1818లో పేటెంటు పుచ్చుకున్నాడు. లండన్లో థేమ్స్ నది కింద దారి దాని చలవే. మరి నాకు ఒరిగిందేమిటి?

కోరంగి మడ అడవిలో కూలిన చెట్లన్నీ నీవే. వాటిని తినడం నీ ధర్మం, ఎవరూ కాదనరు. అయితే కూలిన మడచెట్టుకీ, కట్టేసి వదిలేసిన నావకీ నీకు తేడా తెలీదు. ఆ మాటకొస్తే, తేడా పెద్దగా లేదు కూడా. ఫైబరు పడవలు వచ్చాక కర్ర నావల్ని రేవులో కట్టేసి, మళ్లీ అటు తిరిగి చూసినవాడు లేడు. వేటకెళ్లే రోజుల్లో నావ ఎప్పటికప్పుడు ఒడ్డెక్కేది, అడుగు ఎండేది, నూనె తాగేది. నీకు స్థిమితంగా కాపురం పెట్టే వీలుండేది కాదు. తిన్నది నువ్వే, కానీ వడ్డించింది ఆ పట్టించుకోనితనం.

కాబట్టి నిన్ను స్థిమితంగా ఉండనివ్వకపోవడమే నా వైద్యం. చెడ్డ పలకలు తీసి మద్ది పలకలు వేస్తున్నాం. ఎండు కొబ్బరాకు మంటతో అడుగంతా పైపైన కాలుస్తాం. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే యుద్ధనౌక అడుగుకి రాగి రేకు కొట్టించిందట. నాకంత స్తోమత లేదు, రాగి కలిసిన రంగుతో సరిపెడుతున్నాను. వేసవిలో కాలవ ఉప్పెక్కినప్పుడు, అమావాస్య పోటుకీ పున్నమి పోటుకీ నావ ఒడ్డెక్కుతుంది. గౌతమికి ఎర్రనీళ్లు రాగానే ఎగువకి పోయి మంచినీళ్లలో లంగరు వేస్తుంది. మీలో ఎక్కువమందికి మంచినీళ్లు గిట్టవు. తలుపేసుకుని వారాల తరబడి ఓర్చుకోగలవని తెలుసు. నాకూ తొందరేం లేదు.

ఈ షరతులు నచ్చకపోతే అడవి పక్కనే ఉంది. కోసేసిన నాలుగో పలకని అటే పారేద్దామనుకున్నాను గానీ, పొయ్యిలోకి పనికొస్తుందని మావయ్య పట్టుకుపోయాడు. అందులో మీవాళ్లెవరైనా మిగిలుంటే సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమని చెప్పు. ఒకసారి చేరిన కర్రని వదలడం మీకు చేతకాదని తెలుసు. అయినా నోటీసివ్వడం మర్యాద.

ఇట్లు,
నావ యజమాని